బంగారం ఎర్రబడే వేళ

మా ల్యాబులో బంగారం ఎర్రగా ఉంటుంది. నగల షాపువాళ్లు వింటే నవ్వుతారు గానీ, నిజం. బంగారు లవణం కలిపిన నీళ్లు తెర్లుతుండగా సోడియం సిట్రేట్ పోస్తే లేత పసుపు ఇగిరిపోతుంది. కాసేపు రంగే ఉండదు. తర్వాత నల్లనీలం, ఆపైన దానిమ్మ రసం. 1951లో టర్కెవిచ్ బృందం చెప్పిన పద్ధతి ఇది. ఎన్నేళ్లుగా చేస్తున్నా, రంగు తేలే ఆ నిమిషం హాట్‌ప్లేట్ దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు.

మొదటిసారి నాకొచ్చింది మాత్రం నీలం కలిసిన బూడిద రంగు నీళ్లు. ఫ్లాస్కును సబ్బుతో తోమి, చాల్లే అనుకున్నాను. గోడకు కంటికి కనపడనంత పాత బంగారం అంటుకుని ఉన్నా, కొత్తది పోయి దాని మీదే పేరుకుంటుంది. అప్పట్నుంచి ముందు బంగారాన్ని కరిగించే ద్రవరాజంతో కడుగుడు, తర్వాతే పని.

ఎరుపు వచ్చిందంటే కణాలు సుమారు 15, 20 నానోమీటర్లన్నమాట. సిట్రేట్ తగ్గిస్తే అవి పెరిగి, రంగు ఊదాకు జారుతుంది. ఫారడే 1857లో ప్రకటించిన ఎర్ర బంగారం సీసాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

రంగు సరే, నాకు ఎంతకీ తనివి తీరనిది గుణం సంగతి. బంగారం మహా మొండిది, ఆక్సిజన్‌ను ఖాతరు చేయదు. అలాంటిది 1987లో జపాన్‌లో మసతాకే హరుటా 5 నానోమీటర్లకు లోపు బంగారు కణాలను ఐరన్ ఆక్సైడ్ వంటివాటి మీద నిలిపితే, సున్నాకు 70 డిగ్రీలు దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ అయిపోయింది!

ఎందుకలా అంటే, 55 పరమాణువుల ముద్దను ఊహించుకోండి. నడుమ ఒకటి, దాని చుట్టూ 12, పైపొరలో 42. నాలుగింట మూడొంతులు వీధిలోనే ఉన్నట్టు. లోపలిదానికి ఇరుగుపొరుగు 12 మంది, మూలనున్నదానికి అందులో సగమో, ఇంకా తక్కువో. అలా చేతులు ఖాళీగా ఉన్నదే వచ్చిన అణువును పట్టుకుంటుంది.

అయితే 'ఎంత చిన్నదైతే అంత చురుకు' అని పాఠాల్లో తేల్చేస్తారే, అది నేనొప్పుకోను. టైటానియం ఆక్సైడ్ మీది బంగారంతో గుడ్‌మన్ బృందం 1998లో చూస్తే, 3 నానోమీటర్ల దగ్గర చురుకు పతాకస్థాయికి చేరి, అంతకంటే చిన్నవాటిలో పడిపోయింది. పైగా కింద ఉన్న ఆక్సైడ్ కూడా పనిలో చెయ్యి వేస్తుంది.

ఈ వారం మా పిల్లలకు ప్రాక్టికల్స్. ఎవరికైనా నీలం వస్తే మార్కులు కొయ్యను, ఫ్లాస్కు మళ్లీ కడుక్కు రమ్మంటాను.