గ్రీకు సమాసమునకు తెలుగు విగ్రహము

హోమరు ఉషస్సునకు వాడిన విశేషణములలో 'రొదొదాక్తులొస్' అనునది మిక్కిలి ప్రసిద్ధము. ఒడిస్సీలో తెల్లవారినదని చెప్పు పాదమున నిది పలుమార్లు ఆవృత్తమైనది. 'రొదొన్' అనగా గులాబి, 'దాక్తులొస్' అనగా వ్రేలు. అంతమాత్రమున దీనిని 'గులాబివ్రేలు' అని తెనిగించిన అర్థము చెడును. మదనపల్లె చెంతనున్న కురబలకోట పేరునే చూడుడు. కురబల యొక్క కోట యని విగ్రహము, కోటయే ప్రధానము. గ్రీకుపదమునందు గులాబియు ప్రధానము కాదు, వ్రేలును కాదు. అట్టి వ్రేళ్ళు గల ఉషస్సు ప్రధానము. కావున నిది బహువ్రీహి. మన ముక్కంటి, అలరుబోడి యీ జాతివే. అయితే బోడి స్త్రీవాచకమున మాత్రమే చెల్లును. గ్రీకు సమాసవిశేషణమో, స్త్రీదేవతకు వాడినను పుంరూపమును విడువదు.

ఇక అర్థము. వ్రేళ్ళనగా విచ్చుకొన్న కిరణములని కొందరందురు. మాకు వన్నెయే ముఖ్యమని తోచుచున్నది. హోమరే ఉషస్సును 'క్రొకొపెప్లొస్', అనగా కుంకుమపూవన్నె చేల గలది, అనియు వర్ణించెను. సాఫో యీ విశేషణమునే సూర్యాస్తమయానంతరము వెలుగు చంద్రున కన్వయించినది.

ఉత్పత్తి యింకను రసవత్తరము. గ్రీకు 'ఎఓస్', సంస్కృత 'ఉషస్' ఏకమూలములు. దానినిబట్టి విశేషణము కూడ నంత ప్రాచీనమని భ్రమింపరాదు. 'రొదొన్' ఇరానీయ భాషలనుండి వచ్చినదని పండితుల తలంపు. దాని మొదట వకార ముండెడిది. సాఫో మాండలికమున 'బ్రొదొన్' అనుట దాని జాడయే. 1952లో వెంట్రిస్ విప్పిన లిపిలోని పైలోసు ఫలకములందు పరిమళతైలమునకు 'వొదొవె' యను విశేషణము కానవచ్చుచున్నది. పారసీకమున ఆ మూలమే 'గుల్' అయినది. దానికి నీటిని తెలుపు 'ఆబ్' చేరగా పన్నీరను అర్థమున 'గులాబ్' ఏర్పడి, మనకు గులాబి యైనది.

అనువాదమున 'అరుణాంగుళి' యన్నచో పువ్వు పోవును. 'కెందామర' యన్నచో పువ్వే మారును. 'గులాబివ్రేళ్ళ ఉషస్సు' అనుటయే మాకు సమ్మతము. ముక్కంటిలో 'కంటి' వలె నిచ్చట 'వ్రేళ్ళ' యను ఔపవిభక్తికరూపమే బహువ్రీహ్యర్థమును మోయును. గులాబి అన్యదేశ్యము గదా, కావ్యమున తగునా యని శంకింతురేమో! హోమరు వాడిన రొదొన్ కూడ గ్రీకునకు అన్యదేశ్యమే.