కత్తి చేతికొచ్చే దాకా

కడియపులంకలో నర్సరీ పనికి కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదటిరోజు మొక్కనివ్వరు. నల్ల పాలిథిన్ కవర్ల కట్ట ఇచ్చి మట్టి గుట్ట చూపిస్తారు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల గత్తం కలిపిన గుట్ట అది. చిప్పతో మట్టి తీసి కవర్లో పోసి, రెండుసార్లు నేలకు తట్టి, అంచుకు కాస్త కింది దాకా నింపి వరుసలో నిలబెట్టాలి. మర్నాడూ అదే పని. వారం పోయాకా అదే పని. అంటు కట్టడం నేర్చుకుందామని వచ్చినవాడికి ఇదేం ఖర్మ అనిపిస్తుంది.

ఓపిక పట్టి నిలిచినవాడికి నెల తిరిగేసరికి వేళ్ళకు ఒక తెలివి వస్తుంది. గుప్పెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. విడకపోతే బంకమన్ను ఎక్కువైనట్టు. వానాకాలంలో నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. ముద్దే కట్టకపోతే ఇసుక ఎక్కువైనట్టు. మొక్కను లారీలోకి ఎక్కించేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న గడ్డ కాస్తా విచ్చిపోతుంది. కవరు వదులుగా నింపితే నాలుగు తడులకే మట్టి సగానికి దిగుతుంది. మరీ కూరితే లోపల గాలి ఆడదు. ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. వెయ్యి కవర్లు నింపిన చేతికి వాటంతటవే తెలుస్తాయి.

నర్సరీల్లో పని నేర్పే ఈ వరుస మీద నాకు చాలా గౌరవం. బయటినుంచి చూసేవాళ్ళు దాన్ని కూలిపని అంటారు. నా దృష్టిలో అది చదువే. మట్టి, నీళ్ళు, కొమ్మ, బెరడు, ఆఖరున కత్తి అన్నట్టు సాగే ఆ చదువులో ఒక్కో మెట్టూ తర్వాతి మెట్టుకు చేతిని తయారు చేస్తుంది. కత్తిని చివరి దాకా ఎందుకు ఇవ్వరో అర్థమైతే ఆ వృత్తి అంతా అర్థమైనట్టే.

ఈ విద్య గోదావరి ఒడ్డున ఇంతగా వేళ్ళూనడానికి కారణాలు కళ్ళముందే ఉన్నాయి. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక అంటూ ఊళ్ళ పేర్లలోనే లంకలున్నాయి. నది తెచ్చి పోసిన ఒండ్రు నేల అది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలకు నీటి భరోసా వచ్చింది. పక్కనే కోనసీమ ఉంది కాబట్టి కొబ్బరిపీచు పొట్టుకు కొదవ లేదు. చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే జాతీయ రహదారి నర్సరీల మీదుగానే పోతుంది. శ్రీ సత్యనారాయణ నర్సరీతో పేరు తెచ్చుకున్న పల్లా వెంకన్నలాంటి రైతుల చేతుల మీదుగా కడియం మొక్క అనే మాట దేశంలో చాలాచోట్లకు చేరింది. అయితే నేలా నీరూ ఉన్న ఊళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇక్కడ వాటికి తోడైంది ఒకరి చేతినుంచి మరొకరి చేతికి దిగిన పని.

మట్టి తర్వాత నీళ్ళు. గొట్టం పట్టుకుని తడపడం ఎవరైనా చేస్తారనుకుంటాం. నర్సరీలో మొక్కలు ఎక్కువగా చచ్చేది ఆ గొట్టం చివరే. మిట్టమధ్యాహ్నం ఆకు వాలిందంటే అది దాహమే అనుకోనక్కర్లేదు; ఎండ తగ్గాక చాలాసార్లు దానంతటదే లేస్తుంది. తెల్లవారుజామునే వాలి ఉంటే మాత్రం ఆగి చూడాలి. అప్పుడు కూడా మట్టి ఎండి వాలిందా, తడి ఎక్కువై వేరు చచ్చి వాలిందా అన్నది తేల్చుకోవాలి. రెంటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే, వైద్యం మాత్రం పూర్తిగా విరుద్ధం. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కవరును ఒకసారి చేత్తో ఎత్తి చూస్తారు. బరువే జవాబు చెబుతుంది. నారుమడిలో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. సాయంత్రం పోసిన నీళ్ళు రాత్రంతా నిలిస్తే తెల్లారేసరికి నారు మొదలు మెత్తబడి వరుసలు వరుసలుగా పడిపోతుంది. నారుకుళ్ళు పుస్తకంలో ఒక పేరా. మడిలో చూసినవాడికి జన్మంతా మరుపు రాని పాఠం.

ఆ తర్వాత కొమ్మ ముక్కలు నాటడం. మందార, నందివర్ధనం, కాగితంపూలు, క్రోటన్లు అన్నీ కొమ్మతోనే పెరుగుతాయి. కింది కోత కణుపుకు దిగువన ఏటవాలుగా, పై కోత అడ్డంగా వేస్తారు. నరికిన వందల ముక్కలు కుప్పగా పడి ఉన్నప్పుడు ఏది తలో ఏది మొదలో చూడగానే తెలియడానికి ఈ గుర్తు. తలకిందులుగా గుచ్చితే వేరు రాదు. కొమ్మ తన పైనా కిందా మరిచిపోదు.

గాలి అంటు దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు మొదటిసారి చెట్టు లోపలికి చూస్తాడు. జామ, దానిమ్మ, నిమ్మ కొమ్మల మీద రెండు మూడు సెంటీమీటర్ల మేర బెరడును ఉంగరంలా ఒలుస్తారు. కింద కనిపించే తెల్ల చెక్క మీద జిగురుగా ఉన్న పల్చటి పొరను కూడా గీకేయాలి. గీకకపోతే బెరడు మళ్ళీ కలిసిపోతుంది, పనంతా వృథా. ఆ చోట తడిపిన నాచు పెట్టి పాలిథిన్ కాగితం చుట్టి రెండు వైపులా బిగించి కడతారు. చెక్క గుండా నీళ్ళు పైకి ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి కొమ్మ వాడదు. ఆకులు వండిన ఆహారం మాత్రం బెరడు దారినే కిందికి రావాలి. ఆ దారి తెగింది కనుక ఉంగరానికి పై అంచునే ఆగి పోగవుతుంది. సరిగ్గా అక్కడే వేళ్ళు పుడతాయి. వానాకాలంలో నెలా నెలన్నరకు కాగితం లోంచి తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. తల్లి చెట్టు మీద ఉండగానే బిడ్డ సొంత వేరు తొడుక్కోవడం అంటే ఇదే. నీరు పైకి పోయే దారి వేరు, ఆహారం కిందికి వచ్చే దారి వేరు అని తరగతి గదిలో బొమ్మ గీసి చెబుతారు. ఇక్కడ ఆ రెండు దారుల్లో ఒకదాన్ని కుర్రాడు తన చేత్తో తెంచి ఫలితం కళ్ళారా చూస్తాడు.

ఇక అంటు. మామిడిని టెంక నుంచి పెంచితే తల్లి పండు రాదు. పువ్వు మీద ఏ చెట్టు పుప్పొడి పడిందో తెలియదు, పుట్టిన మొక్క తన దారి తనది అంటుంది. బంగినపల్లి తిని ఆ టెంక పెరట్లో పాతి ఎనిమిది పదేళ్ళు ఎదురుచూసి పుల్లటి పీచుకాయ కోసుకున్న ఇళ్ళు మన ఊళ్ళల్లో తక్కువేం కాదు. బంగినపల్లి, సువర్ణరేఖ, చెరుకు రసం, కొత్తపల్లి కొబ్బరి ఈరోజు మన నోటికి అందుతున్నాయంటే తరతరాలుగా ఎవరో ఒకరు కొమ్మ కోసి మరో మొక్కకు కడుతూ రావడం వల్లే. మధ్యలో ఒక్క తరం కట్టడం మానేస్తే ఆ రకం ముసలి చెట్లతోనే పోతుంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలోనే వృక్షాయుర్వేదం అధ్యాయంలో అంటు ప్రస్తావన ఉంది. ఆ గొలుసు ఇప్పటి దాకా తెగలేదు.

టెంక అంటు చూద్దాం. పండ్ల కాలంలో తీసిన టెంకలను ఆరనివ్వకుండా నాటాలి, మామిడి విత్తనం ఎక్కువ కాలం నిలవ ఉండదు. మొలక వచ్చి ఆకులు ఇంకా రాగి రంగులో, కాడ లేతగా ఉండగానే పట్టుకోవాలి. అటు తల్లి చెట్టు మీద మూడు నాలుగు నెలల వయసున్న, పెన్సిల్ లావు కొమ్మ చివర్లను ఎంచుకుని, కోయడానికి వారం పదిరోజుల ముందే ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం వదిలేస్తారు. ఆ తొడిమలు ఎండి రాలేసరికి చివర మొగ్గ ఉబ్బుతుంది. కొమ్మ బయల్దేరడానికి సిద్ధంగా ఉందన్నమాట. ఇవతల మొలక, అవతల కొమ్మ ఒకే వారానికి సిద్ధం కావాలి. ఆ లెక్క తప్పితే ఎంత మంచి కత్తి ఉన్నా ఏం లాభం లేదు.

మొలకను టెంకకు ఐదారు సెంటీమీటర్ల పైన కోసి నడిమికి మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున చీలుస్తారు. కొమ్మ మొదలును రెండు వైపులా చెక్కి మేకులా చేస్తారు. ఒక్కో వైపుకు ఒక్కటే కోత. రెండోసారి కత్తి పెడితే చెక్కు ఎగుడుదిగుడవుతుంది, మధ్యలో గాలి చేరుతుంది. ఆలస్యం చేస్తే సొన ఆరి కోత నల్లబడుతుంది. కొమ్మను చీలికలో దించేటప్పుడు చూసుకోవలసినది బెరడుకూ చెక్కకూ మధ్య ఉన్న పల్చటి పచ్చపొర. కేంబియం అంటారు దాన్ని. రెంటిలోనూ ఆ పొరలు ఆనితేనే కొత్త కణాలు పుట్టి అతుకుతాయి. కొమ్మ సన్నంగా, మొలక లావుగా ఉంటే నడిమధ్యన పెట్టకూడదు; ఒక పక్కకు జరిపి ఆ ఒక్క అంచునైనా కలపాలి. చూడటానికి వంకరగా ఉంటుంది. బతికేది అదే. పాలిథిన్ పట్టీ కింది నుంచి పైకి బిగించి చుట్టి, పైన చిన్న కవరు టోపీలా తొడిగి నీడన పెడతారు.

ఇప్పుడు ఆ వరుస అర్థం తెలుస్తుంది. కొమ్మలో ఎంత చేవ ఉందో నీళ్ళు పట్టిన కన్ను చెబుతుంది. పచ్చపొర ఎక్కడుందో గాలి అంటులో దాన్ని గీకిన వేలికి తెలుసు. తలా మొదలూ కొమ్మ ముక్కల దగ్గరే తేలిపోయాయి. కత్తి ఆఖరుకు వచ్చేది అందుకే. మొదటి రోజే ఇస్తే వాడికి తెలిసేది కోయడం ఒక్కటే.

అంటు గురించి ఒక అపోహ ఉంది, రెండు మొక్కలూ కలిసి మూడోది అవుతాయని. అవవు. అతుకుకు పైన ఉన్నది చచ్చేదాకా బంగినపల్లి, కింద ఉన్నది చచ్చేదాకా నాటు మామిడి. కింది నుంచి చిగురు వస్తే వెంటనే గిల్లేయాలి, లేకపోతే నాటుదే పైచేయి అవుతుంది. బత్తాయి కన్నును, అంటే మొగ్గను, రంగపూర్ నిమ్మ మీద కట్టినప్పుడు అతుకు నేలకు ఓ 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండేట్టు చూస్తారు. నాటేటప్పుడు దాన్ని మట్టిలో పూడిస్తే బంక కారే తెగులు అక్కడినుంచే ఎక్కుతుంది. ఇంత నేర్చిన చెయ్యి కూడా కొబ్బరి ముందు ఏమీ చేయలేదు. చుట్టూ కోనసీమ అంతా కొబ్బరే అయినా ఆ జాతి చెట్టులో ఉంగరంలా చుట్టుకునే ఆ పచ్చపొరే లేదు. అంబాజీపేట పరిశోధన స్థానం తెచ్చిన గోదావరి గంగ కూడా అంటుతో కాదు, రెండు కొబ్బరి రకాలను సంకరం చేస్తే వచ్చినదే. ఏది చేయగలమో ఏది చేయలేమో తెలియడం కూడా ఈ చదువులో భాగమే.

కోతకన్నా కష్టమైన పాఠం ఇంకొకటి ఉంది. అంటు మామిడి కాపుకు రావడానికి మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. మొక్క అమ్మినరోజు అది సువర్ణరేఖా, మరొకటా అని కొన్నవాడికి తెలిసే దారి లేదు. చీటీ మీద రాసిందే నమ్మాలి. ఏ తల్లి చెట్టు కొమ్మో కోసేటప్పుడే గుర్తుపెట్టకపోతే, రెండు కట్టలు కలిసిపోతే, ఆ తప్పు ఐదేళ్ళ తర్వాత ఎక్కడో అనంతపురంలో ఒక రైతు తోటలో కాయై కాస్తుంది. అప్పటికి అతను నేల, నీరు, అప్పు అన్నీ పెట్టేసి ఉంటాడు. అందుకే చీటీ రాయడం నేర్పని నర్సరీలో చేరవద్దని ఈ పనికి వచ్చే పిల్లలకు గట్టిగా చెబుతాను. మంచి తల్లి చెట్లు ఉన్నాయా, వాటికి అంకెలున్నాయా, జాతీయ ఉద్యాన మండలి గుర్తింపు ఉందా అని అడగడంలో తప్పు లేదు.

చేరే దారులు ఇప్పుడు ఒకటికి నాలుగున్నాయి. నేరుగా నర్సరీలో చేరవచ్చు. పదో తరగతి తర్వాత ఉద్యాన పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చేయవచ్చు. పై చదువుకు వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, 2016లో మొదలైన అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం ఉన్నాయి. ఆ పథకంలో స్టైపెండులో కొంత భాగాన్ని కేంద్రం భరిస్తుంది. తోటమాలి, నర్సరీ పని కూడా నైపుణ్య వృత్తుల జాబితాలో ఉన్నాయి. ఏళ్ళ తరబడి పనిచేసిన మేస్త్రి పరీక్ష రాసి తనకు వచ్చిన పనికే ధ్రువపత్రం తీసుకునే వీలు కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఈ చివరిది మన నర్సరీ ఊళ్ళకు చాలా అవసరమని నా అభిప్రాయం. వేల అంట్లు కట్టి బతికించిన మనిషి కాగితం మీద ఏ విద్యా లేని కూలీగా మిగలడం అన్యాయం.

పదిహేను రోజుల శిక్షణలో అన్నీ నేర్పుతామనే మాట నమ్మవద్దు. మొక్కకు ఒక ఏడాది చుట్టు ఉంది. టెంక వానకు ముందు, అంటు వానల్లో, రోజా కన్నులు చలికాలంలో. కనీసం రెండు చుట్లు తిరగనిదే చేతికి పట్టు రాదు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని పనికి పెట్టకూడదన్నది చట్టం. పద్దెనిమిది లోపు వాళ్ళను పురుగుమందుల దగ్గరికి పోనివ్వకూడదు. ఆడపిల్లలు కవర్లు నింపడం, కలుపు తీయడం దగ్గరే ఆగిపోకూడదు. ఏ చేయి మట్టి తెలుసుకుందో ఆ చేతికే కత్తి కూడా ఇవ్వాలి. బడి చదువు తక్కువైనా ఈ పనికి అడ్డం కాదు. లక్నో దగ్గరి మలీహాబాద్‌లో కలీముల్లా ఖాన్ బడి చదువు ఏడో తరగతితో ఆగింది. పని కుటుంబ నర్సరీలో నేర్చుకున్నారు. ఒకే మామిడి చెట్టు మీద 300కు పైగా రకాలు కట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. అందరూ అంతవారు కానక్కర్లేదు. ఉద్యాన శాఖలకు, పండ్లతోటల రైతులకు, అపార్ట్‌మెంట్ల తోటలకు, సొంత నర్సరీకి పని తెలిసిన చేతులు కావాలి.

కుర్రాడు కట్టిన మొదటి అంట్లు నీడన ఉన్నాయి. రోజూ పొద్దున్నే వచ్చి వంగి చూస్తున్నాడు. టోపీ లోపల నీటి బొట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. "మేస్త్రిగారూ, ఒక్కటి విప్పి చూడనా?" అంటాడు. "విప్పితే చస్తది, ఉండు బాబూ" అంటాడాయన. మూడు వారాలకు పదింటిలో ఆరింటి మొగ్గలు పగిలాయి, ఎర్రటి చిగురు టోపీ చివర తాకుతోంది. నాలుగు నల్లబడ్డాయి. మేస్త్రి ముందు ఆ నాలుగూ తీసి పట్టీలు విప్పించాడు. మూడింటిలో కొమ్మను నడిమధ్యన పెట్టి ఉంది. కుర్రాడు మాట్లాడకుండా చాలాసేపు వాటినే చూశాడు. అప్పుడు మేస్త్రి జేబులోంచి పెన్ను తీసి ఇచ్చి, బతికిన ఆరింటికీ చీటీ రాయమన్నాడు. రకం, తల్లి చెట్టు అంకె, తేదీ, కట్టిన వాడి పేరు.