వేరు పట్టుకుంటేనే క్రియ వశమవుతుంది

పోటీ పరీక్షకు చదివే విద్యార్థి 'ఎరాడికేట్' పక్కన 'నిర్మూలించు' అని రాసుకుని పేజీ తిప్పేస్తాడు. ఒక్క క్షణం ఆగి చూస్తే రెండు మాటల కడుపులోనూ ఒకే పని కనిపిస్తుంది. లాటిన్‌లో 'రాడిక్స్' అంటే వేరు, 'ఎ' అంటే బయటికి. 'నిర్మూలించు'లోని 'మూలం' అన్నా వేరు అనే కదా! కలుపును పైపైన కోయకుండా వేరుతో సహా పీకెయ్యడమే రెండూ.

ఇంగ్లిష్ క్రియల్ని ఇలా నేర్చుకోవడం ఒక గొప్ప విద్య. ముందు ఉపసర్గను విడదీయాలి, ధాతువును పట్టుకోవాలి, ఆపైన ఆ మాటలో కాలూ చెయ్యీ చేస్తున్న పనిని కళ్లకు కట్టించుకోవాలి. 'ఎలిమినేట్'లో ఉన్నది 'లీమెన్', అంటే గడప. ఎవరినో గడప బయటికి నెట్టేస్తున్నారన్నమాట. 'సప్లాంట్'లో 'ప్లాంటా' అంటే అరికాలు. కాలు అడ్డం పెట్టి పడదోసి ఆ చోటు కాజేయడం అది. 'రూమినేట్' మరీ ముచ్చటైనది. ఆవు మొదటి పొట్ట పేరు 'రూమెన్'. తిన్నదాన్ని నోటికి తెచ్చుకుని మళ్లీ నమిలినట్టే మనిషి ఒక ఆలోచనను తిరగేస్తాడు. తెలుగువాడు పాత జ్ఞాపకాల్ని 'నెమరువేసుకోవడం' లేదూ? అంత దగ్గరి చుట్టాన్ని పరాయి మాటగా బట్టీ పట్టడం ఎంత అన్యాయం!

ఈ విద్యలో మహానుభావుడు 'ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ' సంపాదకుడు జేమ్స్ మర్రే. 1755 నాటి నిఘంటువుతో శామ్యూల్ జాన్సన్ నిర్వచనాల్లో దిట్ట అనిపించుకున్నాడు గానీ, మూలాల దగ్గర మర్రేకు సాటి రాడు. ఆక్స్‌ఫర్డ్‌లో తన పెరట్లోని ఇనుప రేకుల షెడ్డులో, స్వచ్ఛందంగా పాఠకులు పంపిన లక్షలాది చీటీల మధ్య కూర్చుని మర్రే ఒక్కో మాట చరిత్ర తవ్వాడు. ఆ నిఘంటువు తొలి భాగం 1884లో వెలువడింది, ఆయన 1915లో కన్నుమూశాడు, అది 1928లో గాని పూర్తి కాలేదు. ఒక మాట ఎప్పుడు పుట్టిందో, ఏ అర్థం తర్వాత ఏ అర్థం మొలిచిందో ఉదాహరణలతో నిలబెట్టిన ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. 1949లో నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఆ వేర్ల విద్యను సామాన్యుడి చేతికి అందించింది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? రోజుకు యాభై మాటలు, పక్కన యాభై అర్థాలు, పరీక్ష మర్నాటికి అంతా మాయం! దానికి తోడు వాట్సాప్ కట్టుకథలు. కార్మికులు చెక్కబూట్లను యంత్రాల్లోకి విసిరితే 'సాబొటాజ్' పుట్టిందట. చెక్కబూటు పేరు 'సాబో' అన్నది నిజమే. కానీ ఆ బూట్లతో టకటకలాడుతూ నడవడం, పని పాడుచేయడం అనే అర్థాలున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది ఆ మాట. విసిరిన కథకు ఆధారం లేదు. నకిలీ వేరు నాటితే మొక్క బతుకుతుందా?

ఇంగ్లిష్ మాస్టార్లు క్లాసులో ఒక్క ఐదు నిమిషాలు ఈ వేర్లకు ఇవ్వాలి. మన పందికొక్కే 'బాండికూట్' అయి ఇంగ్లిష్‌లోకి వెళ్లింది, ఆస్ట్రేలియాలో మరో జంతువుకు పేరైంది, అక్కడే క్రియగానూ మారింది. పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపల్ని తవ్వుకుపోవడాన్ని అక్కడివాళ్లు 'బాండికూట్' చేయడం అంటారు. ఆ సంగతి తెలుగు పిల్లలకు మన బళ్లలో కాకపోతే ఇంకెక్కడ చెబుతారు?