ముందుమాట: చిక్కు ముందు, ఉపాయం తర్వాత

ప్రతిరక్షకాల (యాంటీబాడీల) మీద తెలుగులో పుస్తకం అనగానే, పరీక్షల కోసం బట్టీపట్టే గ్రంథం ఇంకొకటి వచ్చిందనుకున్నాను. ఢిల్లీ ప్రయోగశాలల్లో చేయి తిరిగిన ఈ అమ్మాయి మొదటి అధ్యాయంలోనే నా అనుమానం తీర్చింది. ముందు రోగికి వచ్చిన చిక్కు చెబుతుంది. శాస్త్రజ్ఞుల ఉపాయం ఆ తర్వాతే. పుస్తకమంతా ఇదే వరస.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ టీకా వేసిన ఎలుక ప్లీహకణాన్ని క్యాన్సర్ కణంతో కలిపారు. ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎడతెగక తయారుచేసే కణం పుట్టింది. 1984లో నోబెల్ కూడా వచ్చింది. చిక్కు ఆ ప్రతిరక్షకాలను మందుగా వాడినప్పుడు బయటపడింది. ఎలుక ప్రొటీన్‌ను మనిషికి ఎక్కిస్తే ఒళ్లు దాన్నే పరాయిదని ఎంచి ఎదురు తిరిగేది. దానికి విరుగుడును రచయిత్రి పంగలకర్రతో చూపిస్తుంది: రోగకారకాన్ని పట్టే కొనలు ఎలుకవి, పిడి మనిషిది. 1994 నాటికి ఇంకో అడుగు పడింది. ఎలుక పిండ మూలకణాల్లో మనిషి ప్రతిరక్షక జన్యువుల భాగాలు చేర్చారు, ఎలుక సొంత జన్యువులను పనిచేయకుండా చేశారు. అలాంటి ఎలుకకు టీకా వేస్తే దాని నెత్తురులో మనిషి ప్రతిరక్షకాలే పుడతాయి. 2006లో అమెరికా అనుమతి పొందిన పానిటుముమాబ్ అనే పెద్దపేగు క్యాన్సర్ మందు ఈ దారిన వచ్చిందే.

మన ఊళ్ల కథ నాకు మరీ నచ్చింది. ఎయిమ్స్ నుంచి వచ్చి జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థకు తొలి డైరెక్టరైన జి.పి. తల్వార్, గర్భధారణ హార్మోన్ హెచ్‌సీజీ మీద పట్టుదలగా పనిచేశారు. దాన్ని అడ్డుకునే ఎలుక ప్రతిరక్షకానికి మనిషి భాగాలు జోడించి, పొగాకు మొక్కల్లో తయారుచేసిన ప్రయోగ ఫలితాలను ఆయన, సహచరులు 2002లో ప్రచురించారు. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్‌ను తెచ్చింది. ఎలుక కొనలు, మనిషి పిడి ఉన్న రిటుక్సిమాబ్‌కు అది తక్కువ ధర ప్రతిరూపం. ఆస్తులమ్ముకుని క్యాన్సర్ వైద్యానికి ఢిల్లీ వచ్చే కుటుంబాలకు ఆ ధర తేడా ఎంత పెద్దదో రచయిత్రి మరువలేదు.

ఒక్క వెలితి. జంతువులపై ప్రయోగాలకు తీసుకోవాల్సిన అనుమతులు, వాటి బాధ తగ్గించే నియమాలు ఒకే పేజీలో ముగిశాయి. మలి ముద్రణలో పెంచమని పెద్దవాడిగా అడుగుతున్నాను.

ఈ మందు ఎలా పనిచేస్తుంది, ఎందుకింత ఖరీదు, మా మనిషికి పడకపోతే ఏమవుతుందని వైద్యుణ్ణి అడగాలనుకునే ప్రతి ఇంటికీ ఈ పుస్తకం అక్కరకొస్తుంది. రచయిత్రికి నా ఆశీస్సులు.

న్యూఢిల్లీ