మచ్చకు మాత్రమే తగిలే వెలుగు

చేతి మీది వయసు మచ్చను తీసే క్యూ-స్విచ్డ్ లేజర్ ఒక్కసారి మెరిసి ఆరడానికి ఐదు నుంచి పది నానోసెకన్లు పడుతుంది. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఐదో, పదో ముక్కలన్నమాట. ఆ కాస్త వ్యవధిలో మచ్చలోని నల్లటి రేణువులు పగిలిపోవాలి. పక్కనున్న చర్మానికి సెగ సోకకూడదు. ఇంత నాజూకైన పని ఎలా సాధ్యమైందో, అదే పని చేతి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరింత కష్టమవుతుందో తెలుసుకున్నకొద్దీ నాకు దాని మీద గౌరవం పెరుగుతూ వచ్చింది.

చేతి వెనకవైపు చర్మం పలచన. దాని కింద కొవ్వు తక్కువ, నూనె గ్రంథులు తక్కువ, వెంట్రుకల కుదుళ్లూ ముఖం మీద ఉన్నన్ని ఉండవు. ఎండ మాత్రం ముఖానికి తగిలినంతా దీనికీ తగులుతుంది. మన ఊళ్లలో స్కూటీ నడిపే ఆడవాళ్లు వేసవి రాగానే మోచేతుల దాకా గ్లవ్స్ తొడుక్కుంటారు. వాళ్ల జాగ్రత్త సరైనదే. ఏళ్ల తరబడి పడిన ఎండ చేతుల మీద గోధుమరంగు మచ్చలుగా, సన్నటి ముడతలుగా తేలుతుంది. వయసుతో కొవ్వు కరిగి నరాలు పైకి ఉబుకుతాయి. వీటిలో మచ్చలను వెలుగు బాగా తీస్తుంది, ముడతలను కొంతవరకు సరిచేస్తుంది, కరిగిన కొవ్వును మాత్రం తిరిగి తేలేదు. ఈ హద్దును మొదటి రోజే చెప్పే డాక్టరు చేతికి నా చెయ్యి అప్పగించడానికి నాకు సందేహం ఉండదు.

అమెరికాలో థియొడోర్ మైమన్ 1960లో మొదటి లేజర్‌ను వెలిగించాడు. కెంపు స్ఫటికం నుంచి వచ్చిన ఎర్రటి వెలుగు అది. కొద్ది ఏళ్లకే సిన్సినాటిలో చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ ఆ వెలుగును చర్మం మీద ప్రయోగించి, నల్లగా ఉన్న చోటే అది ఎక్కువ పనిచేస్తోందని గమనించాడు. ఎందుకలా జరుగుతుందో, దాన్ని అదుపులో ఎలా పెట్టాలో లెక్క కట్టి చెప్పినవాళ్లు బోస్టన్‌కు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. 1983లో వచ్చిన వాళ్ల పరిశోధన వ్యాసం మీదే ఇవాళ్టి రంగు మచ్చల లేజర్ చికిత్స అంతా నిలబడి ఉంది.

వాళ్లు పట్టుకున్న కీలకం కాలం. పొయ్యి మీంచి దించిన గరిటె తొందరగా చల్లారుతుంది, గంగాళం చల్లారడానికి పూట పడుతుంది. చర్మంలోనూ అంతే, వస్తువు ఎంత చిన్నదైతే అంత త్వరగా వేడిని పక్కకు వదిలేస్తుంది. మచ్చకు రంగునిచ్చే మెలనిన్ రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది. దానికి తగిలిన వేడి పక్కకు పాకడానికి సుమారు ఒక మైక్రోసెకను పడుతుంది. వెలుగు అంతకంటే ముందే వచ్చి వెళ్లిపోతే వేడంతా రేణువులోనే చిక్కుకుని దాన్ని పగలగొడుతుంది. ఆలస్యం చేస్తే అదే వేడి చుట్టుపక్కలకు పాకి మచ్చ పోయిన చోట కాలిన గుర్తు మిగులుతుంది. కాబట్టి ఇక్కడ నైపుణ్యమంటే ఎంత శక్తి పంపామన్నది ఒక్కటే కాదు, ఎంత త్వరగా ఆపామన్నది కూడా.

యంత్రం తన పని తాను చేస్తుంది కదా అనుకుంటే పొరపాటు. మంచి డాక్టరు ముందుగా చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ పెట్టి ఒక్కొక్క మచ్చనూ చూస్తారు. అంచులు గజిబిజిగా ఉన్నా, రంగు రకరకాలుగా ఉన్నా దాని మీద లేజర్ వేయరు. అది క్యాన్సర్ కాదని తేలాలి. అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ తర్వాత అంతగా కనబడని చోట ఒకటి రెండు మెరుపులతో పరీక్షించి చూస్తారు. డాక్టరూ, చికిత్స చేయించుకునే మనిషీ ఇద్దరూ కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకున్నాకే అసలు పని మొదలు.

డాక్టరు చేతిలోని లేజర్ హ్యాండ్‌పీస్ మచ్చ మీదికి వస్తుంది. టప్‌మని చిన్న చప్పుడు, చురుక్కుమన్న బాధ. వెంటనే మచ్చ తెల్లబారుతుంది. రేణువుల చుట్టూ ఉన్న తేమ ఒక్కసారిగా ఆవిరై సన్నటి బుడగలు కట్టడం వల్ల వచ్చే తెలుపు అది, ఓ పావుగంటలో మాయమవుతుంది. డాక్టరు కళ్లు వెతికేది ఆ తెలుపు కోసమే. తెల్లబడకపోతే శక్తి చాలలేదు. మరీ దట్టంగా తెల్లబడినా, పై పొర లేచినా ఎక్కువైంది. లేతగా తెల్లబడగానే చెయ్యి పక్క మచ్చ మీదికి జరగాలి. యంత్రం మీది అంకె సాయపడుతుంది, నిర్ణయం మాత్రం చర్మాన్ని చూసే తీసుకోవాలి. ఒకే చేతి మీద లేత మచ్చకూ ముదురు మచ్చకూ ఒకే శక్తి సరిపోదు. అనుభవజ్ఞులు మచ్చ మచ్చకూ ఆగి అంకె మార్చడంలో నాకు గొప్ప కళాకారుల ఓపిక కనిపిస్తుంది.

మన చర్మానికి ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. తెలుగువాళ్లలో చాలామందికి మచ్చలోనే కాక చర్మమంతటా మెలనిన్ బాగా ఉంటుంది, వెలుగును అదీ తాగేస్తుంది. ఒకే యంత్రం 1064 నానోమీటర్ల కంటికి కనిపించని కిరణాన్ని, దాన్ని ఒక స్ఫటికంలోంచి పంపి 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగును ఇస్తుంది. ఆకుపచ్చను మెలనిన్ గట్టిగా పట్టుకుంటుంది. మచ్చకు అది మేలే గానీ చుట్టూ ఉన్న చామనఛాయకు ముప్పు. 1064 పై పొరను అంతగా నొప్పించకుండా దాటిపోతుంది. మచ్చలకు వాడే మరో సాధనం ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్). అది లేజర్ కాదు, జినాన్ దీపపు మెరుపును ఫిల్టర్లతో వడకట్టిన వెలుగు. తెల్లతోలు వాళ్ల చేతుల మీద దాని ఫలితం బాగుంటుంది. మనవాళ్ల మీద వాడాలంటే ఫిల్టరు, శక్తి, చల్లదనం అన్నీ ఆచితూచి ఎంచుకోవాలి. తొందరపడితే పోయిన మచ్చ స్థానంలో అంతకంటే నల్లటి మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

ముడతల విషయంలో నన్ను అబ్బురపరిచేది 2004లో ఆండర్సన్ బృందం తెచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతి. అంతకుముందు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో చర్మపు పై పొరనంతా ఒలిచేసేవారు. ముఖం మీద వెంట్రుకల కుదుళ్లలోంచి, నూనె గ్రంథుల్లోంచి కొత్త కణాలు పైకి వచ్చి పుండును మూసేవి. చేతి మీద ఆ కుదుళ్లే తక్కువ కాబట్టి మానడం ఆలస్యమై మచ్చకట్టే ప్రమాదం ఉండేది. కొత్త పద్ధతిలో చర్మమంతటినీ ముట్టరు. వెంట్రుక మందాన వేడి స్తంభాలు దిగుతాయి, ఒక్కొక్క దాని చుట్టూ ముట్టని చర్మం మిగులుతుంది. మిగిలిన ఆ చర్మమే గాయాన్ని పక్కల నుంచి మూస్తుంది. పై పొర ఒక్కరోజులోనే అతుక్కుంటుంది, లోపల కొత్త కొల్లాజెన్ నెలల పాటు అల్లుకుంటూ ఉంటుంది. ఎక్కడ తాకకూడదో ముందే నిర్ణయించి, ఆ తాకని చోటుతోనే వైద్యం చేయించడమనే ఆలోచన చేతి చర్మం కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. అయినా చేతి మీద శక్తి, సాంద్రత రెండూ ముఖం మీదికంటే తగ్గించే వాడతారు, విడతల మధ్య వారాల ఎడం ఇస్తారు.

మచ్చ మీద కట్టిన పలచటి పొక్కు ముఖం మీదైతే వారంలో రాలిపోతుంది. చేతి మీద రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా దాన్ని గిల్లకూడదు. అంట్లు తోమేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవడం మంచిది. సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు, చేతులు కడుక్కున్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఎండ ఆగకపోతే మచ్చలు తిరిగి వస్తాయి కాబట్టి, డాక్టరు చేసిన పనిలో మిగతా సగం ఇంటికి వెళ్లిన మనిషి చేతిలోనే ఉంటుంది.