స్వలింగానురాగము – మనోవైద్యము : ఒక తీర్పు, ఒక మాట

రాజపాళయమునందలి రాజుల యిండ్లలో మాట తెలుగు. బడిలోను వైద్యశాలలోను వ్యవహారము తమిళము. కావున మద్రాసు ఉన్నత న్యాయస్థానము 2021 జూన్ 7వ తేదీన వెలువరించిన తీర్పును ఆ యూరి తెలుగువారు రెండు భాషల వెలుగునను పరిశీలింపవలసియున్నది.

మదురైనుండి చెన్నపురికి వెడలిన యిద్దరు యువతులు తాము కలసి జీవించుటకు రక్షణ కోరిరి. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్‌గారు తీర్పు వ్రాయుటకు ముందు మనస్తత్త్వ నిపుణురాలియొద్ద పాఠము వినిరి. తమకును పూర్వాభిప్రాయము లుండెనని దాచక తెలిపిరి. స్వలింగానురాగమును వైద్యముచే మార్పజూచుటను నిషేధించిరి. అట్టి యత్నము చేయు వైద్యుల అనుమతిని రద్దు చేయుటకు సైతము ఆదేశించిరి. విద్యార్థియైన న్యాయమూర్తి వ్రాసిన తీర్పగుటయే దీని ప్రధానగుణము.

ఈ నిషేధ మేల యవసరమాయెను? అమెరికా మనోవైద్య సంఘము 1973లోను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోను స్వలింగానురాగమును వ్యాధుల పట్టికనుండి తొలగించినవి. సంఘపు నీతివిలువలతో పొసగకపోవుట వ్యాధినిర్ణయమునకు ఆధారము కారాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించినది. పట్టిక మారినంతనే అలవాటు మారదు. విద్యుద్ఘాతముతో వైముఖ్యము పుట్టించుట 20వ శతాబ్దమున చికిత్సగా చెల్లినది. నిద్రపట్టక, దిగులుతో వచ్చినవారి నిద్రను, దిగులును విడిచి వారి ప్రేమకు మందిచ్చుట వైద్యమెట్లగును? అట్లు భంగపడినవారు నిజముగా వ్యాధి సోకినపుడును వైద్యుని గడప త్రొక్క వెఱతురు. అసలు నష్ట మిదియే.

2022లో జాతీయ వైద్య కమిషన్ ఇట్టి ‘మార్పిడి చికిత్స’ను వృత్తిదోషముగా ప్రకటించినది. అయినను శాసనము వైద్యుని చేయి పట్టుకొనునేగాని, బిడ్డను వైద్యునికడకు ఈడ్చు చేతిని పట్టుకొనజాలదు. తీర్పు తల్లిదండ్రులకును అవగాహన కల్పింపవలెనన్నది. ఆ పని ఇంటిభాషలో జరుగవలెను.

ఇచట తెలుగుమాట కొరవడుచున్నది. వ్యవహారమునందలి ‘స్వలింగ సంపర్కము’ దేహచర్యను మాత్రమే తెలుపును, మనస్సును తెలుపదు. తమిళమునందలి ‘తన్‌పాలీర్ప్పు’ ఆకర్షణను తెలుపును. ‘స్వలింగానురాగము’ అన్నచో తెలుగున ఆ లోపము తీరును. వైద్యునియెదుట బిడ్డకు బదులు తల్లిదండ్రులే మాటాడు ఆచారమును మారవలెను. వయసువచ్చినవారికి తమ చికిత్సను తామే నిర్ణయించుకొను హక్కును, గోప్యత హక్కును 2017 చట్టమే యొసగినది. మాట మారి, మాటాడవలసినవారికి మాట దక్కిననాడే ఆ తీర్పు రాజపాళయపు తెలుగింట అమలైనట్లు.