వేలికి తెలిసే లెక్క

"సిస్టరమ్మా, ఎర్రగైంది గదా, టీబీ ఉన్నెట్టేనా?" మాంటూ పరీక్ష చేయించుకున్నవాళ్లు చేయి చాపి అడిగే మాట ఇది. గోస్పాడు పల్లెల నుంచి సూదికి ఒకసారి, చూపించుకోడానికి ఇంకోసారి నంద్యాల బస్సెక్కాలంటే ఆ రెండో రాక దండగనిపిస్తుంది. నాకు మాత్రం పనితనమంతా అక్కడే కనబడుతుంది.

ముంజేతి చర్మంలోకి ఎక్కించేది 0.1 మిల్లీలీటరు ట్యుబర్‌క్యులిన్. అందులో ఉండేది టీబీ క్రిముల ప్రొటీనే, బతికున్న క్రిమి కాదు. ఆ ప్రొటీన్‌ను ఒంటికి కాపలా కాసే టీ కణాలు నేరుగా గుర్తుపట్టలేవు. వేరే కణాలు దాన్ని మింగి, ముక్కలు చేసి, ఎంహెచ్‌సీ అనే అణువులో ఇరికించి పైకి చూపాలి. బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో చూపినట్టన్నమాట. గింజ ఒక్కటే సరిపోదు, పట్టిన చేయీ తమవాళ్లదై ఉండాలి. ఈ మెలికను వైరస్ సోకిన చిట్టెలుకల్లో 1974లో కాన్‌బెర్రాలో శాస్త్రవేత్తలు డోహర్టీ, జింకర్‌నాగెల్ బయటపెట్టారు. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

టీబీని ముందే ఎరిగిన టీ కణాలు ఆ ముక్కను తాకగానే సంకేతాలు విడిచి మిగతా కణాలను పిలుస్తాయి. ఆ గుంపు కూడి చర్మం గట్టిపడ్డాక, 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. రెండో బస్సు అందుకే.

చూడటమంటే కంటితో కాదు. ఎరుపు లెక్కలోకి రాదు. వేలితో తడిమి గట్టిదనం అంచు పట్టుకోవాలి. కొందరు బాల్‌పెన్నును మెల్లగా లోపలికి లాగి, అడ్డు తగిలినచోట గీత ఆపుతారు. రెండు వైపులా అలా గీసి, చేతికి అడ్డంగా స్కేలుతో కొలుస్తారు.

దేశంలో టీబీ రాకుండా వేసే బీసీజీ టీకాలు 1948లో మొదలైన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అప్పట్లో ముందు ఈ పరీక్ష చేసి, చర్మం స్పందించనివాళ్లకే టీకా వేసేవారు. ఆ వేలి కొలతే టీకా ఎవరికో తేల్చేది.

చర్మం గట్టిపడితే జబ్బున్నట్టు కాదు, టీ కణాలకు ఆ ప్రొటీన్‌తో పాత పరిచయం ఉన్నట్టు. ఆ పరిచయం బీసీజీ వల్లా కలగొచ్చు. హెచ్‌ఐవీతో టీ కణాలు తగ్గినవాళ్లలో, ఒంట్లో టీబీ ఉన్నా చర్మం మెత్తగానే ఉండిపోవచ్చు. అందుకే మంచి సిస్టర్ 'ఉంది', 'లేదు' అని రాయదు. గట్టిదనం ఎంతో మిల్లీమీటర్లలో రాస్తుంది, ఏమీ లేకపోతే సున్నా వేస్తుంది. జబ్బు సంగతి దగ్గు, కళ్లె, ఎక్స్‌రే కలిపి చూసి డాక్టరు చెప్పాలి.